ప్రభువు బల్ల దగ్గర చెయ్యి ముందుకు రావడం లేదు (చీటీ డబ్బు, క్షమాపణ)

వంశధార_ఒడ్డు (గుణుపురం)

అందరికీ వందనాలు. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకోండి.

మాది గుణుపురం. ఇంట్లో మిషన్ కుట్టుకుంటాను. మా గుడిలో ముందు తెలుగు ఆరాధన, అది అయ్యాక ఒడియా ఆరాధన. తెలుగువాళ్లం తక్కువమంది. అందరికీ అందరం తెలుసు. అందుకే ఈ బాధ ఎక్కువ.

ఆరేళ్ల కిందట మా స్త్రీల సమాజంలో ఒకావిడ చీటీ నడిపింది. నేను వదినా అని పిలిచేదాన్ని. ఇరవై మంది, నెలకు ఐదు వేలు, లక్ష రూపాయల చీటీ. పాట పోగా నెలకు నాలుగు, నాలుగున్నర వేలు పడేది. నేను మధ్యలో పాడుకోలేదు. పెద్దమ్మాయి నర్సింగ్ ఫీజుకి అక్కరకొస్తుందని ఆఖరి దాకా ఉంచాను. పదహారు నెలలు కట్టాను, మొత్తం రూ. 68,000. పదిహేడో నెల డబ్బు పట్టుకుని వాళ్లింటికి వెళ్తే తాళం. రాత్రికి రాత్రి విశాఖ వెళ్లిపోయారని పక్కింటివాళ్లు చెప్పారు. ఆ తాళంకప్ప కొత్తది. దాని మీద ధర చీటీ కూడా ఊడలేదు. అది ఇప్పటికీ నా కళ్లలోనే ఉంది.

అమ్మాయి ఆ ఏడాది నర్సింగ్‌లో చేరలేదు. తర్వాత కూడా చేరలేదు. ఇప్పుడు ఒక బట్టల కొట్లో పనిచేస్తోంది.

ఈమధ్య ఆవిడ తిరిగి వచ్చింది. భర్త పోయాడట. గుడిలో ఆఖరి వరసలో, చెప్పులు విడిచే గుమ్మం పక్కన కూర్చుంటోంది. ఆరాధన అవగానే ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోతోంది. ప్రతి నెలా మొదటి ఆదివారం మాకు ప్రభువు బల్ల, అంటే యేసు ప్రభువుని తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం. రెండు నెలలుగా నేను తీసుకోవడం లేదు. పళ్లెం నా దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ముందుకు రావడం లేదు. పరలోక ప్రార్థనలో "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" అనే చోట నోరు ఆగిపోతోంది. మిగతాదంతా చెప్తాను, ఆ ఒక్క మాట చెప్పలేను.

పాస్టరు గారు క్షమించేయమ్మా అంటున్నారు. మా ఆయన అడిగి వసూలు చెయ్ అంటున్నారు. క్షమించడమంటే ఇక డబ్బు అడగకూడదనా? అడిగితే క్షమించనట్టా? తెలిసినవాళ్లు చెప్పండి.

జయపురం_పెద్ద

చెల్లెమ్మా, వందనాలు. నీ నోరు ఆగిపోయిందంటే నువ్వు ఆ ప్రార్థనని నిజంగా చేస్తున్నావని అర్థం. మేమంతా ఆ మాట మీదుగా ఎన్నేళ్లుగా పరిగెత్తేస్తున్నామో తలుచుకుంటే సిగ్గేస్తోంది.

మత్తయి 18వ అధ్యాయం మొత్తం ఒకసారి కూర్చుని చదువు. మనం ఎప్పుడూ 21వ వచనం నుంచి మొదలుపెడతాం. ఎన్నిసార్లు క్షమించాలి, "ఏడుమారుల మట్టుకా?" అని పేతురు అడగడం, ప్రభువు డెబ్బది ఏళ్ల మారులు, అంటే డెబ్బై ఏడుల సార్లు అనడం. కానీ దానికి ముందు, అదే అధ్యాయంలో 15వ వచనం ఉంది. నీ సహోదరుడు నీ పట్ల తప్పు చేస్తే నువ్వే వెళ్లి, మీరిద్దరే ఉన్నప్పుడు, ఆ తప్పు అతనికి చెప్పమని. వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లమని. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పమని. క్షమించమన్న నోటితోనే ప్రభువు ఈ మాటా చెప్పాడు. లూకా 17లో కూడా ముందు గద్దించమని, మారుమనస్సు పొందితే క్షమించమని ఉంది. కాబట్టి అడగడం పాపం కాదు. నోరు మూసుకోవడానికి క్షమాపణ అని పేరు పెట్టకూడదు.

ఇక ఆ దాసుడి ఉపమానం. మన పాత అనువాదంలో "అచ్చియున్న" అనే మాట పడింది, అంటే బాకీపడిన అని. ఒకడు రాజుకి పదివేల తలాంతులు అచ్చియున్నాడు. వాడు బతిమాలితే రాజు జాలిపడి ఆ అప్పంతా వదిలేశాడు. వాడికి ఇంకొకడు నూరు దేనారాలు అచ్చియున్నాడు. దేనారం అంటే ఆ రోజుల్లో ఒక రోజు కూలి, మత్తయి 20లో ద్రాక్షతోట పనివాళ్ల లెక్కలో కనిపిస్తుంది. తలాంతు అంటే ఆరు వేల దేనారాలు. అంటే పదివేల తలాంతులు ఆరు కోట్ల రోజుల కూలి. ఏడాదికి మూడు వందల రోజులు పనిచేసినా రెండు లక్షల ఏళ్లు పడుతుంది.

చాలామంది ప్రసంగాల్లో నూరు దేనారాలంటే చిల్లర డబ్బులన్నట్టు చెప్తారు. నాకు ఎప్పుడూ అది మింగుడుపడదు. నూరు రోజుల కూలి చిల్లర ఎలా అవుతుంది? కూలి రోజుకు నాలుగు వందలనుకున్నా నలభై వేలు. ఇల్లు గడవాల్సిన డబ్బు. ప్రభువు నీ నష్టాన్ని చిన్నది అనలేదు. నీ రూ. 68,000 నిజంగానే పోయాయి, అమ్మాయి చదువు నిజంగానే పోయింది. అది పక్కన పెట్టి "ఏముందిలే" అనమని ఎవరూ అడగకూడదు. ఆయన చూపించిన తప్పు ఏమిటంటే, ఆ దాసుడు తోటివాడి గొంతు పట్టుకున్నాడు. తను రాజు ముందు సాగిలపడి ఏ మాటలతో బతిమాలాడో, వాడూ అవే మాటలతో బతిమాలాడు. అయినా వీడి చెవికి ఎక్కలేదు.

రాయగడ_కోడలు

పెద్దాయన చెప్పిన మొదటి సగం కోసం నేను లాగిన్ అయ్యాను. లేకపోతే చదివి ఊరుకునేదాన్ని.

క్షమించు అనే మాటతో నన్ను రెండుసార్లు వెనక్కి పంపారు. నా భర్త కొట్టేవాడు. మొదటిసారి పుట్టింటికి వస్తే నలుగురూ కూర్చుని డెబ్బది ఏళ్ల మారులు అని వాక్యం చదివి పంపారు. రెండోసారీ అంతే. మూడోసారి నా ఎడమ మణికట్టు విరిగింది. ప్లేటు వేశారు, చలికాలం వస్తే ఇప్పటికీ లాగుతుంది. అప్పుడు వాక్యం చదివినవాళ్లు ఎవరూ ఆస్పత్రికి రాలేదు.

ఇప్పుడు అమ్మ దగ్గర ఉంటున్నాను. 2005 గృహహింస చట్టం కింద రక్షణ ఆర్డరు తెచ్చుకున్నాను. ఆయన మీద పగ లేదు, నిజంగా లేదు. ఆయనకి జబ్బు చేసిందంటే ప్రార్థన చేశాను. కానీ తలుపు తీయను. పగ విడిచిపెట్టడం నా చేతిలో ఉంది. మళ్లీ నమ్మడం ఆయన చేతిలో ఉంది, ఆయన ఇంకా అందుకు తగ్గట్టు ఏమీ చేయలేదు.

అక్కా, మీ సంగతి వేరు, తెలుసు. కానీ ఎవరైనా "నువ్వు క్రైస్తవురాలివి కదా" అని తొందరపెడితే వాళ్లని ఒక మాట అడగండి. ఇదే నష్టం మీ ఇంట్లో జరిగితే మీతో ఎవరైనా ఇలాగే మాట్లాడాలని కోరుకుంటారా అని. మనకేం చేయాలని కోరుకుంటామో అదే ఎదుటివాళ్లకి చేయమన్న మాట సలహా ఇచ్చేవాళ్లకీ వర్తిస్తుంది.

జయపురం_పెద్ద

అమ్మా, ఆ రోజు నీ ముందు కూర్చున్న నలుగురిలో నేను లేకపోయినా, అలాంటి కూర్చోవడాల్లో నేనూ ఉన్నాను. పంపించిన వాళ్లలో ఒకణ్ణి. ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడుందో కనుక్కుంటాను. ఇంతకంటే ఇక్కడ రాయలేను.

పర్లాకిమిడి_మాస్టారు

నేను క్రైస్తవుణ్ణి కాను. తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. మాట్లాడవచ్చో లేదో అని రెండు రోజులు ఆలోచించాను. ఈ చర్చ నన్ను వదల్లేదు.

మన తెలుగులో క్షమాపణ అనే మాట చూడండి. తప్పు చేసినవాడు క్షమాపణ అడుగుతాడు, చెప్తాడు. నష్టపోయినవాడు క్షమాపణ ఇస్తాడు. రెండు వైపులా ఒకే మాట. పిల్లలకి ఇది చెప్పేటప్పుడు నదికి వంతెన వేసినట్టు అనేవాణ్ణి, ఏ ఒడ్డు నుంచి వచ్చినా కాలు పెట్టేది దాని మీదే.

రాయగడ అమ్మాయి చెప్పిన సూత్రం మా భారతంలోనూ ఉంది. తిక్కన గారి పద్యం మీలో చాలామందికి బడిలో నోటికి వచ్చే ఉంటుంది.

"ఒరులేయవి యొనరించిన
నరవర యప్రియము తన మనంబున కగు దా
నొరులకు నవి సేయకునికి
పరాయణము పరమ ధర్మపథముల కెల్లన్"

ఇతరులు ఏది చేస్తే నీ మనసుకి కష్టమో అది ఇతరులకి చేయకు అని. దీన్ని పాఠం చెప్పిన ముప్పై ఏళ్లలో నాకు తట్టని తేడా ఒకటి మీ బైబిలు వాక్యం పక్కన పెట్టి చూస్తే తట్టింది. "మనుష్యులు మీకు ఏమి చేయవలెనని మీరు కోరుదురో ఆలాగుననే మీరును వారికి చేయుడి." ఒకటి సేయకునికి, ఇంకొకటి చేయుడి. మొదటిదాన్ని ఇంట్లో కూర్చుని పాటించవచ్చు. రెండోదానికి చెప్పులు వేసుకుని బయల్దేరాలి. ఏది గొప్పదని పోటీ పెట్టడం నా ఉద్దేశం కాదు. అపకారికి నెపమెన్నక ఉపకారం చేసేవాడే నేర్పరి అని సుమతీ శతకం చెప్పలేదా, అదీ బయల్దేరి చేసేదే.

గుణుపురం అమ్మా, మీకు నేను చెప్పేది ఇంతే. ఆవిడ గుమ్మం పక్కన కూర్చుంటోందని రాశారు. నాకు ఆ వాక్యం దగ్గర కళ్లు ఆగాయి. మీరే ఆ గుమ్మం పక్కన కూర్చోవాల్సి వస్తే ఎవరు వచ్చి పలకరించాలని కోరుకుంటారు?

బరంపురం_వకీలు

నా వంతు కాస్త పొడిగా ఉంటుంది, కానీ అడిగారు కాబట్టి.

1982 చిట్‌ఫండ్ చట్టం ప్రకారం ముందస్తు అనుమతి, రిజిస్ట్రేషన్ లేకుండా చీటీ నడపడమే నేరం. మన ఊళ్లలో జరిగేవన్నీ దాదాపు ఇవే. డబ్బు రాబట్టుకోవడానికి దావా మామూలుగా మూడేళ్ల లోపు వేయాలి. ఆరేళ్లయింది కాబట్టి మీ బాకీకి కాలదోషం పట్టినట్టే. అయితే 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్‌లో ఒక దారి ఉంది. కాలదోషం పట్టిన బాకీనైనా సరే, చెల్లిస్తానని బాకీదారు కాగితం మీద రాసి సంతకం పెడితే ఆ మాట చెల్లుతుంది. నోటి మాట చాలదు.

అంటే ఇప్పుడు ఆవిడని చట్టం బలవంతపెట్టలేదు. ఆవిడ తనంతట తానుగా రాసిస్తే మాత్రం ఆ బాకీ మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. ఇన్నేళ్ల ప్రాక్టీసులో ఇలా తమంతట తాము రాసిచ్చినవాళ్లని ఇద్దరినే చూశాను.

కొరాపుట్_నర్సు

సిస్టర్, నేను కుష్ఠు రోగుల మధ్య పనిచేస్తాను. మా పనిలో ఉన్నవాళ్లెవరూ బారిపదలోని ఆ ఆశ్రమాన్ని మరిచిపోలేరు. 1999 జనవరి 22 రాత్రి కెందుఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో గ్రాహమ్ స్టెయిన్స్ గారినీ, ఆయన పిల్లలు ఫిలిప్‌నీ తిమోతినీ బండిలో నిద్రపోతుండగా తగలబెట్టారు. పిల్లలకి పదేళ్లు, ఆరేళ్లు. ఆయన ఆస్ట్రేలియా నుంచి 1965లోనే వచ్చి బారిపదలో కుష్ఠు రోగులకి సేవ చేస్తున్నారు. భార్య గ్లాడిస్ గారు, కూతురు ఎస్తేరు మిగిలారు. చంపినవాళ్లని క్షమిస్తున్నానని ఆవిడ చెప్పారు. అందరూ చెప్పుకునేది ఇక్కడి వరకే.

నాకు పనికొచ్చింది ఆ తర్వాత సంగతి. ఆవిడ వెంటనే సామాను సర్దుకుని వెళ్లిపోలేదు. అదే బారిపదలో ఆ రోగుల మధ్యే ఉండి పని సాగించారు. భర్త పేరున ఆస్పత్రి వచ్చింది. 2005లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. కోర్టు కేసుకి ఆవిడ క్షమాపణ అడ్డం రాలేదు. కింది కోర్టు ప్రధాన నిందితుడికి ఉరిశిక్ష వేసింది, హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది, 2011లో సుప్రీంకోర్టు యావజ్జీవాన్నే ఖాయం చేసింది. క్షమించడం తన పని, నేరానికి తీర్పు చెప్పడం చట్టం పని అని ఆవిడ రెంటినీ వేరుగా పెట్టారు.

మీ ప్రశ్నకి ఇది జవాబు అనుకుంటున్నాను. ఆవిడతో మనల్ని పోల్చుకుని భయపడమని చెప్పడం లేదు. మన ఒడిశా గడ్డ మీద జరిగింది కాబట్టి చెప్తున్నాను.

పేరు_చెప్పలేను

నేను అవతలి ఒడ్డువాణ్ణి.

రాయగడలో ఒక హోల్‌సేల్ కొట్లో లెక్కలు రాసేవాణ్ణి. చెల్లెలి పెళ్లప్పుడు మొదలుపెట్టి ఏడాది పాటు కొంచెం కొంచెంగా గల్లా నుంచి తీశాను. మొత్తం రూ. 41,000. మళ్లీ పెట్టేద్దామనే అనుకునేవాణ్ణి ప్రతిసారీ. ఒక రోజు రాత్రి కొట్టు మూసే టైముకి యజమాని అందరినీ పంపేసి షట్టరు సగం దించారు. పుస్తకం నా ముందు పెట్టి, నువ్వే కూడి చెప్పరా అన్నారు. నేను కూడుతుంటే అంకెలు కనిపించలేదు, కన్నీళ్లు పేజీ మీద పడి సిరా అలుక్కుపోయింది. ఆయన లేచి వెళ్లి పక్క హోటల్ నుంచి రెండు టీలు తెచ్చారు. తాగాక మళ్లీ కూడు అన్నారు.

నెలకు పదిహేను వందలు జీతంలో కోత. ఇరవై ఏడు నెలలు అలా, ఇరవై ఎనిమిదో నెల ఆఖరి ఐదు వందలు. ఆ రోజు పుస్తకంలో ఆ పేజీని అడ్డంగా కొట్టేసి సంతకం పెట్టారు. ఇంట్లో గానీ బజార్లో గానీ ఎవరికీ చెప్పలేదు. ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నాను, గల్లా తాళం నా దగ్గరే ఉంటుంది.

ఆయన క్రైస్తవుడు కాదు. నేను క్రైస్తవుణ్ణి.

అక్కా, ఆయన ఆ రోజు "పోనీలే, మర్చిపో" అనుంటే నేను బాగుపడేవాణ్ణి కాను. మళ్లీ తీసేవాణ్ణి. పోలీసులకి పట్టించినా బాగుపడేవాణ్ణి కాను. నేను కూడి చెప్పడం, ఆయన పక్కన కూర్చోవడం, ఆ రెండూ కావలసి వచ్చాయి. తప్పు చేసినవాడు కోరుకునేది ఏమిటని మాస్టారు గారు అడిగారు కాబట్టి చెప్తున్నాను. నాకు ఇదే కావాలని అప్పుడు నాకే తెలియదు.

రాయగడ_కోడలు

అన్నా, మీరు రాసింది మా అమ్మకి చదివి వినిపించాను. ఇలా పక్కన కూర్చోగలిగే మనిషీ, ఇలా కూడి చెప్పగలిగే మనిషీ ఇద్దరూ దొరకాలి అంది.

వంశధార_ఒడ్డు (గుణుపురం)

అందరికీ మళ్లీ వందనాలు. పది రోజులైంది. అందరి మాటలూ చదివాను, పేరు చెప్పలేను అన్న తమ్ముడి మాట నాలుగుసార్లు చదివాను.

నిన్న సాయంత్రం వెళ్లాను. మా ఆయన వస్తానన్నారు, వద్దన్నాను. ఇద్దరే ఉన్నప్పుడు అని వాక్యం ఉంది కదా. ఏటి ఒడ్డు వైపు చిన్న అద్దె గది. తలుపు తీసి నన్ను చూసి పక్కకి తప్పుకుంది. కూర్చోమని కూడా అనలేదు, భయం. నేనే చాప వాల్చుకుని కూర్చున్నాను.

దారి పొడవునా అనుకున్న మాటలేవీ రాలేదు. మా అమ్మాయి ఆ ఏడాది చేరలేదు వదినా అని మాత్రం అన్నాను. అరవలేదు. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి ట్రంకు పెట్టె తెరిచి పాత పుస్తకం తీసింది. ఆ చీటీ పుస్తకమే. అట్ట మీద నా చేతిరాతే ఉంది, మొదటి రోజు పేర్లు నేనే రాసిపెట్టాను. ఇరవై పేర్లు. మొదట పాడుకున్నవాళ్లలో ముగ్గురు కట్టడం మానేశారట. చీటీ ఆగితే పరువు పోతుందని నూటికి ఐదు వడ్డీకి తెచ్చి నెల నెలా సర్దిందట. నాలుగు నెలలకి తల మించిపోయింది. ఆ ముగ్గురూ ఎవరో పుస్తకంలో చూశాను. వాళ్లలో ఒకరు ప్రతి ఆదివారం నా పక్కనే కూర్చుంటారు.

అంటే ఆవిడ తప్పు లేదని కాదు. ఆ మాట ఆవిడే అంది. చెప్పకుండా పోయాను, అదే నేను చేసిన దొంగతనం అంది. నాలాగే ఆఖరి దాకా పాడుకోనివాళ్లు ఇంకో ముగ్గురున్నారు. విశాఖలో ఇళ్లల్లో పనిచేసి వాళ్లలో ఇద్దరికి తీర్చిందట, వాళ్ల పేర్ల పక్కన టిక్కులున్నాయి. నా పేరు చివర ఉంది. ఇన్నేళ్లలో నేను ఆవిడని లక్షసార్లు తలుచుకుని ఉంటాను. ఏం జరిగి ఉంటుందని మాత్రం ఒక్కసారీ అనుకోలేదు.

వకీలు గారూ, మీరు చెప్పిన సెక్షన్ సంగతి నేను ఎత్తలేదు. ఆవిడే కాగితం తీసి రూ. 68,000 అచ్చియున్నాను, చెల్లిస్తాను అని రాసి సంతకం పెట్టింది. అచ్చియున్నాను అనే రాసింది, బైబిలు మాట. చేతిలో రెండు వేలు పెట్టింది. తీసుకున్నాను. తీసుకోకుండా వచ్చేద్దామని ఒక క్షణం అనిపించింది, కానీ ఆవిడ చెయ్యి చాచిన తీరు చూస్తే తీసుకోవడమే మర్యాద అనిపించింది. పుస్తకంలో నా పేరు పక్కన తేదీ, రెండు వేలు అని నేనే రాశాను.

నాకు కోపం అంతా పోయిందని చెప్పలేను. రాత్రి అమ్మాయి కొట్టు నుంచి వచ్చి కాళ్లు పట్టుకుపోతున్నాయంటే మళ్లీ గుండె మండింది. అమ్మాయికి విషయం చెప్పాను. "టీ ఇచ్చిందా?" అని అడిగింది. లేదు అన్నాను. "ఈసారి పాలు పట్టుకెళ్లు" అంది.

ఎల్లుండి మొదటి ఆదివారం. వదిన ఏడున్నరకి మా వీధి మొగలో ఉంటానంది, కలిసి నడిచి వెళ్తాం. ఎక్కడ కూర్చుంటామో ఇంకా అనుకోలేదు. ఇంకా డబ్బు రావాల్సిన ఇంకొకరి సంగతీ, కట్టకుండా మానేసిన ఆ ముగ్గురి సంగతీ పాస్టరు గారి దగ్గర ఎలా ఎత్తాలో జయపురం అన్నయ్య చెప్తే బాగుంటుంది. నా పక్కన కూర్చునే ఆవిడతో ముందు నేనొక్కదాన్నే మాట్లాడాలా, వదినని కూడా తీసుకెళ్లాలా?

జయపురం_పెద్ద

ముందు నువ్వొక్కదానివే, చెల్లెమ్మా. వదిన ఎదురుగా ఉంటే ఆవిడ సిగ్గుతో మొండికేస్తుంది. ఆదివారం వద్దు, బల్ల తీసుకున్న రోజు ఆ మాట ఎత్తకు. సోమవారం సాయంత్రం ఇంటికి వెళ్లు. పుస్తకం పట్టుకెళ్లకు.